పాలమూరు, నల్గొండ రాతి గుట్టలు ఎక్కాలంటే: దిగే దారితో మొదలుపెట్టే పద్ధతి

భువనగిరి కోట ఎక్కి వచ్చినవాళ్లు ఆ తర్వాత అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. మెట్లు, ఇనుప కమ్మీలు లేని గుట్టలను ఎలా ఎక్కాలి? రాచకొండ, దేవరకొండ, కోయిల్‌కొండ, పానగల్ వైపు సొంతంగా వెళ్లవచ్చా? ఏమేం తీసుకెళ్లాలి? విడివిడిగా జవాబు చెప్పేకన్నా మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తే మేలనిపించింది.

మన గుట్టలు మరీ ఎత్తయినవి కావు. చాలావాటి కొసకు గంట, గంటన్నరలో చేరుకోవచ్చు. చిన్నవే కదా అన్న ధీమాతోనే చాలామంది చిక్కుల్లో పడుతున్నారు. రాతి గుట్ట మీద ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఎక్కేటప్పుడు బండ కళ్లెదుటే ఉంటుంది, చేతులు ఆనుతాయి. దిగేటప్పుడు అడుగు పడే చోటు కనబడదు, ఒళ్లు అలిసి ఉంటుంది, ఎండ ముదిరి ఉంటుంది. అందుకే కింద రాసినదంతా ఒక్క నియమం చుట్టూ తిరుగుతుంది: ఎలా దిగాలో తెలియని చోటికి ఎక్కవద్దు.

## 1. ఏ గుట్టతో మొదలుపెట్టాలి

మొదటిది భువనగిరే కావాలి. ఊరి మధ్యలో ఒకే బండగా లేచిన కొండ అది. మెట్లు ఉన్నాయి, జనం ఉంటారు, సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో రైల్వే స్టేషన్ కూడా ఉంది. వాలుబండ మీద నిలబడితే మీ కాళ్లు ఏమంటాయో ఇక్కడే తెలుసుకోండి.

ఆ తర్వాత దేవరకొండ, కోయిల్‌కొండ వంటి కోటలు. ద్వారాలు, పాత మెట్లు దారి చూపుతాయి. కానీ చాలాచోట్ల పొదలు కమ్మి ఉంటాయి, మెట్లు కదిలి ఉంటాయి.

నారాయణపురం దగ్గరి రాచకొండ మూడో మెట్టు. అక్కడ ఒక గుట్ట కాదు, గుట్టల వరుస. ఒక శిఖరం అనుకుని ఇంకోదాని మీద తేలడం సులువు. దారి తెలిసినవారు లేకుండా మొదటిసారి వెళ్లవద్దు. ఏ కోటా లేని, పేరు కూడా ఊరివాళ్లకే తెలిసిన గుట్టలను అన్నిటికన్నా చివరికి ఉంచుకోండి.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఫోను మ్యాపును నమ్మి వేరే ఊరికి వెళ్లినవాళ్లున్నారు.

- పానగల్లు నల్గొండ పక్కనే ఒకటి ఉంది. అక్కడివి ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వర ఆలయాలు. కొండ మీద కోట ఉన్న పానగల్ వనపర్తి జిల్లాలోది.
- ఘనపూర్ అంటే ఖిల్లా ఘనపూర్ అని పూర్తి పేరుతో వెతకండి. అదీ వనపర్తి జిల్లాలోదే. స్టేషన్ ఘనపూర్ వరంగల్ వైపుది.
- రాచకొండ పేరుతో 2016లో పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. ఆ పేరుతో వెతికితే నగరంలోని కార్యాలయాలు కూడా ఎదురుకావచ్చు.

## 2. ఏ నెలలో, ఏ వేళకు

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చిలో వెళ్తే పొద్దున పది గంటలకల్లా కింద ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. నల్గొండలో ఆ రోజుల్లో 44, 45 డిగ్రీలు నమోదవుతుంటాయి. బండ ఆ వేడినంతా పట్టి ఉంచుకుని కింది నుంచి తిరిగి కొడుతుంది. నీడ వెతుక్కుని కూర్చున్నా వీపుకు ఆనిన రాతి గుండు కాలుతూనే ఉంటుంది.

వానాకాలంలో గుట్టలు పచ్చగా, ఎంతో అందంగా ఉంటాయి. అప్పుడు వాటిని కింది నుంచే చూడండి. ఎందుకో 6వ భాగంలో చెబుతాను.

చలికాలంలో తెల్లవారుతుండగా బయలుదేరాలి. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో 5:40 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. గుండ్ల మధ్య చీకటి ఇంకా ముందే పడుతుంది. మధ్యాహ్నం ఎక్కేవారు నాలుగు గంటలకు ఎక్కడున్నా సరే వెనుదిరగాలి. శిఖరం ఇంకో పది నిమిషాల దూరంలో ఉందన్నా సరే.

## 3. ముందు రోజు చేయాల్సినవి

ఈ గుట్టల్లో కొన్ని అటవీ శాఖవి, కొన్ని రక్షిత కట్టడాలు, కొన్ని దేవస్థానాలవి. అడవి పరిధిలో ఉంటే అనుమతి అవసరమో లేదో దగ్గరి అటవీ కార్యాలయంలో కనుక్కోండి. గ్రానైటు క్వారీలున్న చోట పేలుళ్ల వేళలు ఊళ్లో అందరికీ తెలుసు, అడిగితే చెబుతారు. వదిలేసిన క్వారీ గుంతల్లోని నీటి జోలికి మాత్రం అసలు పోవద్దు. అంచులు నిట్టనిలువుగా ఉంటాయి, ఈత వచ్చినవారికి కూడా పైకి రావడానికి పట్టు దొరకదు.

అన్నిటికన్నా విలువైన సమాచారం గొర్రెల కాపరుల దగ్గర ఉంటుంది. ఊరి చివర హోటల్లో టీ తాగుతూ ‘గుట్ట ఎక్కవచ్చా’ అని అడిగితే అందరూ ఎక్కవచ్చనే అంటారు. అలా కాదు, విడమరిచి అడగాలి:

- పెద్దయ్యా, ఈ గుట్ట మీదికి మీరు ఏ వైపు నుంచి వెళ్తారు? ఏ వైపు నుంచి దిగుతారు?
- పైన దొనలో (బండ మీది నీటి గుంతలో) నీళ్లున్నాయా?
- తేనెపట్టులు ఏ బండకు ఉన్నాయి?
- ఈ మధ్య చిరుతగానీ, ఎలుగుబంటిగానీ కనబడిందా?

నాలుగో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. చిరుతలు తిరిగే గుట్టలు పాలమూరులో ఉన్నాయి. కనబడిందంటే ఆ రోజుకు వేరే గుట్ట చూసుకోండి. ఊరివారు ఎవరైనా దారి చూపడానికి వస్తే కూలి ముందే మాట్లాడుకుని, ఆ రోజు పని పోగొట్టుకున్నందుకు సరిపడా ఇవ్వండి.

చివరిగా, ఏ గుట్టకు, ఎవరెవరు, ఏ వైపు నుంచి ఎక్కుతున్నారు, ఎన్ని గంటలకు దిగుతారు అన్నది ఇంట్లో ఒకరికి రాసి పంపండి. ఆ వేళ దాటి రెండు గంటలైనా ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే రాయండి.

## 4. సంచిలో ఏముండాలి

- మనిషికి 3 లీటర్ల నీళ్లు. దొనలో నీళ్లున్నా తాగడానికి లెక్కలోకి తీసుకోవద్దు
- ఓఆర్‌ఎస్ పొట్లాలు
- పల్లీ పట్టీలు, అరటిపళ్లు, చపాతీలు. కడుపు నిండా తినే అన్నం దిగాకే
- తలకు దీపం, లేదంటే చేతి టార్చి. ఫోను లైటును దీపంగా లెక్కించవద్దు
- పొడుగు చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు, అంచున్న టోపీ
- ఈల. గుండ్ల మధ్య గొంతు కన్నా ఈల దూరం వినబడుతుంది
- దూది, కట్టు గుడ్డ, సాగే బ్యాండేజీ, ముళ్లు తీసే చిమటా
- ముందే దించుకున్న మ్యాపు, నిండా చార్జింగు ఉన్న ఫోను

రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. చేతిలో ప్లాస్టిక్ సంచి పట్టుకుంటే బండ పట్టుకోలేరు, పైగా కోటల దగ్గర కోతులు ముందు దాన్నే లాక్కుంటాయి. అత్తరు, ఘాటైన సెంటు పూసుకోవద్దు. తేనెటీగలు రేగడానికి అదొక కారణం.

తాడు సంగతి చాలామంది అడుగుతారు. వాడడం రాని చేతుల్లో తాడు ఉన్నా లేనట్టే. ఉందన్న ధైర్యంతో ఎక్కకూడని చోటికి ఎక్కిస్తుంది కూడా. నేర్చుకోవాలనుంటే భువనగిరిలో రాక్ క్లైంబింగ్ శిక్షణ ఇస్తారు. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే. శిక్షణ అయ్యేదాకా, తాడు కావాలనిపించిన చోటు నుంచి వెనక్కి రావడమే పద్ధతి.

## 5. గుట్ట కింద పావుగంట

బండి దిగగానే ఎక్కడం మొదలుపెట్టవద్దు. కాస్త దూరంగా నిలబడి గుట్ట మొత్తాన్ని చూడండి.

ముందు దిగే దారిని ఎంచుకోవాలి. మీ కంటికి అన్నిటికన్నా వాలు తక్కువగా, తక్కువ బండతో, ఎక్కువ మట్టి, చెట్లతో కనిపించే వైపు ఏదో చూడండి. అదే మీ దిగే దారి. తొలిసారి అయితే ఎక్కేది కూడా అటు నుంచే. రెండు గుట్టలు కలిసే గండి ఉంటే సాధారణంగా అక్కడి నుంచే దారి ఉంటుంది. పాత కోటల ద్వారాలు కూడా ఎక్కువగా అలాంటి చోట్లే కట్టారు.

పొదల్లోకి వెళ్లాక దారి మనుషులదా, మేకలదా అన్నది గమనించాలి. మేకల దారి నడుము ఎత్తు వరకే ఖాళీగా ఉంటుంది, పైన కొమ్మలు అడ్డం పడుతుంటాయి. అది మేత దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తుంది. మనుషుల దారిలో తల ఎత్తు దాకా ఖాళీ ఉంటుంది, కొడవలితో నరికిన కొమ్మల మొండాలు కనబడతాయి.

దారి చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి ఒక ఫోటో తీసుకోండి. ఎక్కేటప్పుడు చూసిన గుండు, దిగేటప్పుడు అటు వైపు నుంచి గుర్తుపట్టలేనంత వేరుగా కనబడుతుంది. రాళ్ల మీద రంగుతోనో సుద్దతోనో గుర్తులు వేయవద్దు. పాత శాసనాలు, బొమ్మలు ఇలాంటి బండల మీదే ఉంటాయి.

## 6. బండ మీద అడుగు

అసలు విద్య ఇక్కడుంది.

సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి మన గ్రానైటు ఎండినప్పుడు చాలా గట్టి పట్టు ఇస్తుంది. దగ్గరగా వంగి చూస్తే గులాబీ, బూడిద రంగు ఫెల్డ్‌స్పార్ గింజలు బండ మీద కాస్త పైకి పొడుచుకుని ఉంటాయి. రబ్బరు అడుగు పట్టుకునేది ఆ గింజలనే. అరచేత్తో రాస్తే గరుకుగా తగలాలి. నున్నగా తగిలితే అది నీరు పారే చోటో, వందల ఏళ్లుగా జనం నడిచి అరిగిన చోటో అయి ఉంటుంది. కోట మెట్ల నడిమి భాగం ఇలాగే అరుగుతుంది కాబట్టి మెట్ల మీద అంచువైపు నడవండి.

నిలబడే తీరు. పాదమంతా ఆనించాలి, మడమ దించాలి, బరువు నిటారుగా పాదాల మీద పడాలి. భయం వేయగానే ఒళ్లు బండ మీదికి వాలుతుంది. అలా వాలితే పాదాల మీద బరువు తగ్గి కాళ్లు వెనక్కి జారతాయి. భయం వేసిన క్షణంలోనే నడుము నిటారుగా పెట్టడం అలవాటు చేసుకోవాలి. చిన్న చిన్న అడుగులే వేయాలి.

వాలు పరీక్ష. కొత్త వాలుబండ దగ్గరికి రాగానే పది అడుగులు ఎక్కి, ఆగి, అవే పది అడుగులు దిగండి. కూర్చోకుండా, చేతులు ఆనించకుండా దిగగలిగితే ముందుకు వెళ్లండి. కూర్చోవాల్సి వచ్చిందంటే ఆ బండ మీకు ఇవాళ్టికి కాదు. జట్టులో ప్రతి ఒక్కరూ విడిగా ఈ పరీక్ష చేయాలి. అందరిలో వెనుకబడినవారు ఏం చెబితే జట్టంతా అదే చేయాలి.

నల్లటి చారలు. బండ మీద పై నుంచి కిందికి దిగే నల్లటి చారలు వాన నీరు పారే దారులు. నాచు, శిలావల్కాలు (రాయికి అంటుకుని పొరలా పెరిగేవి) అక్కడ పేరుకుంటాయి. ఎండినప్పుడు ఏమీ అనిపించదు. నాలుగు చినుకులు పడితే చాలు, కాలు నిలవదు. వానాకాలంలో వద్దన్నది ఇందుకే. చలికాలంలో కూడా మంచు పట్టిన రోజు ఎండ తగిలి ఆరేదాకా ఆగండి.

గరుకు ఇసుక. రాయి అరిగి రాలిన గింజలు వాలు మీద పలచగా పరుచుకుని ఉంటాయి. వాటి మీద అడుగు పెట్టడం గోళీల మీద నిలబడడమే. పక్కకు తప్పుకోండి. వీలు కాకపోతే బూటు కొసతో ఊడ్చి, రాయి కనబడ్డాకే బరువు వేయండి.

పెచ్చులు. గ్రానైటు ఉల్లిపొరల్లా విడిపోతుంది. పై పొర అతుక్కుని ఉన్నట్టే కనబడుతుంది, కింద ఖాళీ ఉంటుంది. చేత్తో పట్టుకునే ముందు పిడికిలితో తట్టండి. గట్టి రాయి చప్పుడు చేయదు. డొల్ల చప్పుడు వచ్చిందంటే దాన్ని పట్టుకోవద్దు, దాని మీద నిలబడవద్దు, కింద ఎవరినీ నిలబడనివ్వవద్దు. నిప్పు పెట్టినా పెచ్చులు లేస్తాయి కాబట్టి బండల మీద మంట వేయకండి.

బూట్లు. మెత్తటి రబ్బరు అడుగు, తక్కువ మందం, కాలికి బిగువు. గట్టి ప్లాస్టిక్ అడుగుల బూట్లు, చెప్పులు పనికిరావు. కొత్త బూట్లతో గుట్టకు రావద్దు. వారం రోజులు ఊళ్లో తొడిగి తిరగండి. ఊరి పిల్లలు వట్టి కాళ్లతో చకచకా ఎక్కేస్తుంటారు. వాళ్ల పాదాలకు ఆ బండ పుట్టినప్పటి నుంచి తెలుసు, మనకు తెలియదు.

## 7. గుండ్ల సందుల్లో

ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్ల మధ్య నుంచి వెళ్లాల్సినప్పుడు ఒక్కొక్కరుగా వెళ్లండి. పైన ఇరుక్కున్న రాయి కింద ఆగవద్దు, ఫోటో కోసం అసలే ఆగవద్దు. ఎండుటాకులు పరుచుకున్న నేల కింద గుంత ఉండవచ్చు, కర్రతో పొడిచి చూశాకే అడుగు వేయండి.

కనబడని చోట చేయి పెట్టకూడదు. పైన అంచు మీద చేయి వేసే ముందు కర్రతో ఆ అంచును తట్టాలి. తేళ్లు నక్కే, పాములు ఎండ కాచుకునే చోట్లు అవే. గుహలాంటి సందుల్లోకి దూరవద్దు. లోపల ఎలుగుబంటి పడుకుని ఉన్నా బయటికి తెలియదు. సీతాఫలాలు పండే రోజుల్లో గుట్టల మీద మనుషులతో పాటు ఎలుగుబంట్లూ పళ్ల కోసం తిరుగుతాయి. ఆ వారాల్లో మాట్లాడుకుంటూ, చప్పుడు వినబడేలా నడవండి. తేనెపట్టు దగ్గర మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉండాలి.

## 8. తేనెటీగలు

ఈ గుట్టల మీద చిరుత కన్నా ఎక్కువ భయపడాల్సింది పెద్ద తేనెటీగలకే. నిటారు బండల చూరు కింద, కోట గోడల పైకప్పు కింద నల్లటి అర్ధచంద్రాకారంలో పట్టు వేలాడుతుంటుంది. దూరం నుంచి రాతి మరకలాగే కనబడుతుంది.

పట్టు మీద మెరుపులాంటి అల ఒకటి అటు నుంచి ఇటు పరుగెత్తిందంటే ఈగలు మిమ్మల్ని చూశాయని, హెచ్చరిస్తున్నాయని అర్థం. ఆ అల కనబడగానే మాటలు ఆపి, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి వెళ్లండి. రాయి విసరడం, పొగ పెట్టడం, దగ్గరగా డ్రోను ఎగరేయడం మొత్తం జట్టును ప్రమాదంలో పడేస్తుంది.

దాడి చేస్తే ముఖం, మెడ కప్పుకుని అక్కడి నుంచి దూరంగా పోవాలి. కాలు నిలిచే నేల మీదైతే పరుగెత్తండి. వాలుబండ మీద మాత్రం పరుగు వద్దు, కూర్చుని జారుతూ దిగండి. చేతులతో విదిలిస్తే ఇంకా రేగుతాయి. తప్పించుకున్నాక ముళ్లను ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా గీకి తీసేయాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం ఉబ్బినా, చాలా చోట్ల కుట్టినా ఆసుపత్రికే.

## 9. పైకి చేరాక

నీళ్లు సగం మిగిలాయా చూడండి. అంచుకు రెండు నిలువుల దూరంలో ఆగిపోండి. అంచు దగ్గర బండ గుండ్రంగా వాలుతుంది, ఎక్కడ నిలువు మొదలవుతుందో పై నుంచి తెలియదు. దొనల్లో దిగి ఈదవద్దు. చుట్టుపక్కల జంతువులకు ఎండాకాలం దాకా ఉన్న నీళ్లు అవే.

ఉరుము వినబడితే వెంటనే దిగడం మొదలుపెట్టండి. ఒంటరి చెట్టు కింద, శిఖరం మీది గుండు పక్కన తలదాచుకోవద్దు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ ఎక్కవద్దు.

## 10. దిగడం

దిగే ముందు పది నిమిషాలు కూర్చుని నీళ్లు తాగి, ఏదైనా తినండి. బూట్ల తాళ్లు విప్పి, వేళ్లు ముందుకు తగలకుండా మళ్లీ బిగించండి.

- ఎక్కిన దారినే దిగండి. పై నుంచి కనబడే అడ్డదారి మధ్యలో నిలువుబండ దగ్గర ఆగిపోతుంది.
- మోకాళ్లు కాస్త వంచి, పక్కకు తిరిగి, చిన్న అడుగులతో దిగండి.
- వాలు ఎక్కువైన చోట బండ వైపు ముఖం పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగండి. రెండు చేతులు, రెండు పాదాల్లో ఎప్పుడూ మూడు ఆని ఉండాలి.
- అనుభవం ఉన్నవారు ముందు దిగి, వెనకవారికి అడుగులు చెప్పాలి.
- ఎవరి కిందా ఎవరూ నేరుగా ఉండకూడదు. రాయి దొర్లితే ‘రాయి’ అని గట్టిగా అరవాలి.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే మార్గాలు

మధ్యలో కాళ్లు వణికి ఆగిపోవడం. కూర్చోండి. మడమలు గట్టిగా ఆనించి పది సార్లు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. తోడున్నవారు కిందికి వచ్చి, ఒక్కో అడుగు ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాలి. చేయి పట్టి లాగవద్దు, ఇద్దరూ జారతారు.

దారి తప్పడం. చివరిగా ఫోటో తీసిన చోటికి వెనక్కి వెళ్లండి. కింద రోడ్డు కనబడుతోంది కదా అని నేరుగా దిగవద్దు. పరికి, గచ్చ వంటి ముళ్ల పొదల్లో ఇరుక్కుంటే గంటలు పోతాయి.

జట్టు చీలిపోవడం. వేగంగా నడిచేవారిని వెనక ఉంచండి. బండ దిగేటప్పుడు తప్ప, నడక దారిలో ముందు నడవాల్సింది అందరికన్నా నెమ్మదైనవారు.

చీకటి పడడం. దీపాలు సరిపడా ఉండి, దారి మెట్లదైతే దిగండి. వాలుబండ అయితే విశాలమైన చదును చోట ఆగిపోయి, ఫోను చేసి చెప్పండి. ఒక రాత్రి చలిని ఓర్చుకోవచ్చు.

## 12. ప్రమాదం జరిగితే

అంబులెన్సుకు 108, ఇతర అత్యవసరాలకు 112. సందుల్లో సిగ్నలు అందదు. బండ మీదికి వచ్చి ప్రయత్నించండి. ఏ గుట్ట, ఏ ఊరి వైపు, కింది నుంచి ఎంత ఎత్తులో ఉన్నారో చెప్పండి. వెంటనే ఆ ఊరివారికీ ఫోను చేయండి. గాయపడినవారిని కిందికి మోయగలిగేది వాళ్లే. ముందు రోజు టీ హోటల్లో నంబరు తీసుకోవడం ఇందుకు పనికొస్తుంది.

పాము కాటుకు: కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కాటు పడిన కాలు లేదా చేయి కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చండి. నాటు మందుకు ఆగిన ప్రతి నిమిషమూ ప్రాణం మీదికి తెస్తుంది.

వడదెబ్బకు: తలతిరుగుడు, వాంతి, మాట తడబడడం కనబడితే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసరండి. స్పృహ ఉంటేనే ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా పట్టించాలి. పొట్లం లేకపోతే లీటరు నీటికి 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచా చదునుగా ఉండాలి. మాట తడబడుతుంటే కోలుకునేదాకా చూస్తూ కూర్చోవద్దు, 108కి ఫోను చేయండి.

చీలమండ మెలిపడితే బూటు విప్పవద్దు, మళ్లీ తొడగలేరు. పైనుంచే సాగే బ్యాండేజీ కట్టి, ఇద్దరి ఆసరాతో మట్టి దారి వైపు నుంచి దించండి.

కిందికి చేరాక ఇంట్లోవారికి ఫోను చేసి దిగామని చెప్పండి. దారి చూపిన పెద్దయ్యకు కూడా.